ముందు ఫోను, తర్వాత ఏడుపు

సవతి పోరు ఆడవాళ్లకే ఉంటుందని ఎవరన్నారో గానీ, వాళ్లకు క్లెమెంట్ సోబ్‌చాక్ సంగతి తెలియదు. అమెరికాలో, సరస్సు ఒడ్డునున్న ఈరీ పట్టణంలో రైలింజన్ల కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా కరెంటు పని చేసి రిటైరైన ఈ డెబ్భై నాలుగేళ్ల మనిషి, యాభై ఏళ్లుగా ఒక పాటగాడితో సవతి పోరు పడుతున్నాడు. ఆ పాటగాడి పేరు లానీ హేల్. క్లెం అనేవాడొకడు ఈ భూమ్మీద ఉన్నాడని లానీ హేల్‌కు తెలియను కూడా తెలియదు. అసలు కడుపుమంట అక్కడే. ఎంత తిట్టినా అవతలివాడికి వినిపించదు.

మొదలైంది పెళ్లైన రెండో రోజున. 1974 జూన్‌లో రోసలీని పెళ్లాడి, అందరిలాగే నయాగరాకు తీసుకెళ్లాడు. మర్నాడు పక్కనే బఫలోలో లానీ హేల్ కచేరీ ఉందని రోసలీ మెల్లగా బయటపెట్టింది. టికెట్లు ఎప్పుడో కొనేసి, పెట్టెలో గౌన్ల మడతల మధ్య దాచి తెచ్చింది. పెళ్లి ముహూర్తం కూడా ఆ కచేరీ చూసుకునే పెట్టించిందేమోనని క్లెంకు తర్వాత అనుమానం వచ్చింది. అది ఇప్పటికీ తీరలేదు. ఆ రాత్రి కొత్త పెళ్లికూతురు కుర్చీ ఎక్కి నిలబడి, బిగుతు ప్యాంటు వేసుకున్న పరాయి మగాణ్ణి చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. క్లెం పక్కన ఆవిడ చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు. తన మొహం చూసి ఆవిడ ఎప్పుడూ అలా ఏడ్చింది లేదు. చర్చిలో ప్రమాణం చేసేటప్పుడు ఒకసారి ముక్కు ఎగబీల్చింది గానీ, అది జలుబు.

అక్కడితో ఆగిందా? లానీ హేల్ ఫొటో వంటింట్లో పొయ్యి పైన గోడకెక్కింది. క్లీవ్‌లాండ్‌లో అతను చెమట తుడుచుకుని జనంలోకి విసిరిన తువ్వాలు, ఉతకకుండా, కవరులో భద్రంగా బీరువాలోకి చేరింది. క్లెం పనిలోంచి వచ్చి చొక్కా కుర్చీ మీద వేస్తే ముక్కు మూసుకునే మనిషి ఈవిడే.

అన్నిటికీ మించి గొలుసొకటి ఉండేది. కచేరీ టికెట్లు ఎప్పుడు అమ్ముతారో తెలిసిన వెంటనే ఒకరికొకరు కబురు పెట్టుకోవడానికి అప్పటి ఆడపిల్లలు కట్టుకున్న ఫోన్ల గొలుసది. పైమనిషి నీకు చేస్తుంది, నువ్వు కిందిమనిషికి చేస్తావు. రోసలీకి పైన బఫలోలో వెర్నా, కింద ఈరీలోనే డొలోరెస్. డొలోరెస్ కింద ఇంకో ఐదుగురు. వాళ్లకున్న నియమం ఒక్కటే: ముందు ఫోను, తర్వాత ఏడుపు. కచేరీ రద్దయినా, లానీ మూడో పెళ్లి చేసుకున్నా, కిందిమనిషికి చెప్పేదాకా కన్నీటి చుక్క రాలడానికి వీల్లేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొలుసు మీద టికెట్ల కబుర్లు తగ్గి, మొగుళ్ల చావు కబుర్లు పెరిగాయి. డొలోరెస్ తన మొగుడు పోయినప్పుడు ఆస్పత్రి వరండాలోంచి ఫోన్లు చేసేసి, ఆ తర్వాతే కుప్పకూలింది. రోసలీ చేయాల్సిన ఫోను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈ జూన్‌కు పెళ్లై యాభై ఏళ్లు నిండాయి. జీవితంలో ఏనాడూ ఏ ఏర్పాటూ చేయని క్లెం, ఈసారి గుట్టుగా అన్నీ చేశాడు. తామిద్దరూ మొదటిసారి కలుసుకున్న పోలిష్ క్లబ్బులో మూల బల్ల చెప్పి పెట్టాడు. సరస్సు చేప వేయించమన్నాడు. పెళ్లినాడు ఆడిన వాల్ట్‌జ్ వాయించడానికి అకార్డియన్ వాయించే ఆయన్ని మాట్లాడాడు. మణికట్టుకు కట్టే తెల్ల గులాబీలు కొన్నాడు. గొలుసులో మాత్రం ఒక్కరిని కూడా పిలవలేదు. ఆ ఒక్క సాయంత్రమైనా రోసలీ మొత్తంగా తనదై ఉండాలి, అంతే.

ఆ పొద్దున రోసలీ జుట్టు చేయించుకోవడానికి వెళ్లింది. ఇంట్లో ఫోను మోగింది.

"రోసలీ ఉందా?" అంది వెర్నా.

"బయటికెళ్లింది. ఏంటి సంగతి?"

"లానీ పోయాడు క్లెం. నిద్రలోనే పోయాడట. మా మేనల్లుడు రేడియోలో చేస్తాడుగా, వాడు చెప్పాడు. ఇంకా బయటికి రాలేదు. రోసలీ రాగానే చెప్పి, డొలోరెస్‌కి చెయ్యమను. మర్చిపోయేవు!"

"మర్చిపోను."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"ఏమో, అదోలా ఉంది. కాసేపు కూర్చో నువ్వు." వెర్నా పెట్టేసింది. ఆవిడ ఇంక ఏడ్చుకోవాలి కదా.

గొంతు అదోలా ఉండక ఏం చేస్తుంది? అనకూడదు గానీ, క్లెంకు ముందు సంతోషం వేసింది. వెంటనే సిగ్గేసింది. ఆ వెనకే ఒళ్లు మండిపోయింది. ఏడాది పొడుగునా వీడికి చావడానికి ఇంకో రోజే దొరకలేదా? కాపురం రెండో రాత్రి లాక్కున్నాడు, ఇప్పుడు యాభయ్యో ఏటి పండగ కూడా లాక్కుంటాడా? ఈ మాట చెప్పాడంటే రోసలీ నీలం గౌను తొడుక్కోదు, భోజనం ముట్టదు, తువ్వాలు గుండెలకు హత్తుకుని కూర్చుంటుంది. తను పక్కన మంచినీళ్లు పట్టుకుని నిలబడాలి. లేదు, రేపు చెప్తాను అనుకున్నాడు. పోయినవాడు రేపటికి లేచి ఎక్కడికీ పోడు.

రైలింజన్లకు కరెంటు ఎక్కించిన చెయ్యి ఇల్లంతటినీ ఇట్టే మూగదాన్ని చేసింది. ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టాడు. టీవీ వెనక తీగ వదులు చేశాడు. కారు రేడియో ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. రోసలీ మరచిపోయి వెళ్లిన సెల్‌ఫోను ఆపేసి తీసుకెళ్లి రొట్టెల డబ్బాలో పెట్టాడు.

రోసలీ వచ్చి వెతుకులాట మొదలుపెట్టింది. "నా ఫోను చూశావా?"

"ఎవరికి చెయ్యాలి?"

"ఎవరికీ కాదు. ఏదీ అని."

"యాభై ఏళ్లు కాపురం చేశావు. ఒక్క పూట ఫోను లేకుండా మొగుడితో ఉండలేవా?"

రోసలీ వెతకడం ఆపి అతని మొహంలోకి చూసింది. "అయితే గుర్తుందన్నమాట నీకు!"

"నీలం గౌను వేసుకో. ఎక్కడికని అడక్కు."

మధ్యాహ్నం ఇంట్లో ఉంటే ఎవరొస్తారోనని సరస్సు వెంబడి షికారు తిప్పాడు. రోసలీ రేడియో మీట నొక్కింది. అది పలకలేదు.

"పాడైంది," అన్నాడు.

"నువ్వుండగా రేడియో పాడవడమేంటి? ముసలాడివైపోయావు క్లెం," అని నవ్వి కిటికీ దించుకుంది. కొత్తగా చేయించుకున్న జుట్టు గాలికి చెదిరిపోతున్నా పట్టించుకోలేదు. తనే పాత పాటేదో కూనిరాగం తీసింది. అదీ లానీ హేల్ పాటే. క్లెం పళ్లు బిగబట్టి బండి నడిపాడు.

క్లబ్బులో భయం లేదు. అక్కడివాళ్లు పోల్కా డాన్సు మనుషులు. లానీ హేల్ ఉన్నా పోయినా వాళ్లకు బీరు చల్లగా ఉంటే చాలు. రోసలీ మణికట్టుకు గులాబీలు కట్టాడు. చేప తిన్నారు. అకార్డియన్ ఆయన వాల్ట్‌జ్ అందుకున్నాడు. రోసలీ బల్ల కింద చెప్పులు వదిలేసి లేచింది.

"అడుగులు ఇంకా గుర్తున్నాయే నీకు!"

"గ్యారేజీలో చీపురుతో ఆడి చూసుకున్నాను."

రోసలీ పకపకా నవ్వి అతని భుజం మీద తల పెట్టింది. గెలిచానన్న పొగరు క్లెం తలకెక్కింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే అతను క్లెం ఎందుకవుతాడు?

"ఒక్కటి అడగనా? సరస్సులో ఒక పక్క లానీ హేల్, ఒక పక్క నేను మునిగిపోతున్నామనుకో..."

"మళ్లీ మొదలెట్టావా? నీకు ఈతొచ్చుగా!"

అప్పుడే తలుపు తోసుకుని, పైనుంచి కిందిదాకా నల్లబట్టల్లో డొలోరెస్ వచ్చింది. అటూ ఇటూ చూడకుండా తిన్నగా బారు దగ్గరికి నడిచింది.

"గురువారానికి హాలు కావాలి నాయనా. చావు భోజనం. ఓ డెబ్భై మందికి."

"అయ్యో, ఎవరండీ?"

"క్లెం సోబ్‌చాక్."

బారతను గ్లాసు తుడుస్తున్న గుడ్డతోనే ఆడుతున్నవాళ్ల వైపు చూపించాడు. డొలోరెస్ తిరిగి చూసి ఒక్క కేక పెట్టింది. అకార్డియన్ ఆగిపోయింది.

"నువ్వు చావలేదా?" ఆ అడగడంలో సంతోషం కంటే నిలదీయడమే ఎక్కువుంది.

"నేను చచ్చానని ఎవరన్నారు?" అన్నాడు క్లెం.

"ఇదిగో, ఇదే! రోసలీ!"

"నేనెప్పుడన్నానే, నీకేమైనా పిచ్చా?" అంది రోసలీ.

"నీ ఫోను రాలేదు కదే! మధ్యాహ్నం టీవీలో లానీ పోయాడని చెప్తుంటే, ఇదేంటి, రోసలీ చెయ్యలేదేంటని ఎదురుచూస్తూ కూర్చున్నాను."

"లానీ?" అంది రోసలీ. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. డొలోరెస్ వినిపించుకోలేదు. ఊపు మీద ఉంది.

"మీ ఇంటికి చేస్తే ఎంతసేపూ ఎంగేజే, నీ సెల్లేమో ఆపేసి ఉంది. వెర్నాకి చేస్తే, పొద్దున క్లెంతో మాట్లాడాను, గొంతు అప్పుడే తేడాగా ఉంది అంది. పరిగెత్తుకుంటూ వచ్చి చూస్తే ఇంటికి తాళం, కారు లేదు. ఇంకేమనుకోమంటావు? ఆరేళ్ల కిందట ఇతనికి గుండె ఆపరేషను చేసినప్పుడు నువ్వే కదే అన్నావు? క్లెంకు ఏమైనా అయితే నా ఫోను కోసం చూడకండి, నన్ను దాటేసి పొండి, ఇదొక్కటీ నావల్ల కాదని? నా మొగుడు పోతే నేను చెయ్యలేదా, నీ మొగుడికేం కొమ్ములున్నాయా అని నిన్ను ఎంత తిట్టాను! ఇన్నేళ్లలో నీ ఫోను రానిది ఇవాళొక్కరోజే. అందుకే వెర్నాకీ, కిందివాళ్లందరికీ చెప్పేశాను, క్లెం పోయాడని."

క్లబ్బంతా వింటోంది. యాభై ఏళ్లుగా ఏ మాట వినాలని క్లెం చెవులు కాచుకుని ఉన్నాయో, ఆ మాట ఆరేళ్ల కిందటే ఎవరెవరికో చెప్పేసింది రోసలీ. తనకు తప్ప అందరికీ తెలుసు. అదిప్పుడు వింటున్నాడు, అదీ దొంగలా దొరికిపోయి, నలుగురి ముందు.

రోసలీ అతని వైపు తిరిగింది. "వెర్నా పొద్దున నీతో మాట్లాడిందా?"

"ఆ."

"లానీ పోయాడని చెప్పిందా?"

"చెప్పింది. రేపు చెబుదామని..."

"క్లెమెంట్." ఆవిడ పూర్తి పేరు పలికిందంటే ఇంట్లో పిల్లి కూడా బల్ల కిందికి దూరుతుంది. రోసలీ కళ్ల నిండా నీళ్లు నిండిపోయాయి గానీ ఒక్క చుక్క రాలలేదు. "అక్కడ ఆరుగురు ఆడవాళ్లు నువ్వు పోయావని ఏడుస్తున్నారు. వెళ్లు. ముందు ఫోను."

"నేనా?"

"గొలుసు తెంపినవాడివి నువ్వేగా. తొందరగా చెయ్యి. ఎంతసేపు ఆపుకోగలనో నాకే తెలీదు."

బారతను ఫోను ముందుకు జరిపాడు. డొలోరెస్ పక్కన నిలబడి నంబర్లు అప్పజెప్పింది. క్లెం చెమటలు కక్కుతూ ఒక్కొక్కరికీ చెప్పాడు: నేను క్లెంని, బతికే ఉన్నాను, తప్పు నాదే. "గొంతు తేడాగా ఉందని అన్నానా లేదా?" అంది వెర్నా. "అయ్యో, నీ చావు భోజనానికి హామ్ ఓవెన్లో పెట్టేశాను కదయ్యా!" అంది ఒకావిడ. ఇంకొకావిడ, "ఓ, నువ్వా. పోనీలే. అయితే లానీ సంగతి కూడా అబద్ధమేనా?" అని ఆశగా అడిగింది. "అది నిజమే," అనగానే ఘొల్లుమంది. ఆరుగురిలో ఒక్కరు కూడా అతను బతికినందుకు ఒక్క చుక్క రాల్చలేదు. ఆ స్థితిలో కూడా క్లెంకు చురుక్కుమంది.

ఆఖరి ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాడు. రోసలీ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, పెదవి కరిచి, అతన్నే చూస్తోంది. అయిపోయిందన్నట్టు తల ఊపాడు. అప్పుడు రోసలీ బల్ల మీదికి వాలిపోయి, గులాబీలు నలిగిపోతున్నా చూసుకోకుండా, బఫలోలో ఏడ్చినట్టే ఏడ్చింది. డొలోరెస్ కూడా పక్కన చేరి అందుకుంది.

క్లెం వంగి రోసలీ చెప్పులు తీసుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆనాటిలాగే ఒళ్లు మండింది, అబద్ధమెందుకు. మండుతూనే, ఒక సంగతి తట్టింది. లానీ హేల్ కోసం రోసలీ ఆరు ఫోన్లు అయ్యేదాకా ఆగగలిగింది. తన కోసమైతే ఒక్క ఫోను చేసేంతసేపు కూడా ఆగలేనందట.

ఫోన్లన్నీ అయిపోయాయి గనక ఇంక అతను కూడా ఏడ్చాడు. ఈ పెద్దాయన కూడా ఆ పాటగాడికి ఎంత వీరాభిమానో పాపం అనుకుని, అకార్డియన్ ఆయన లానీ హేల్ పాత పాటొకటి మెల్లగా ఎత్తుకున్నాడు. క్లెం వద్దనలేదు.