నేపాలుకు పోయిన అంబులెన్సు

మా ముత్తాత ఆళ్లగడ్డ చుట్టుపక్కల పదూళ్ల పెత్తనం చేసిన మనిషి. ధాత నామ సంవత్సరపు కరువులో మా వాకిట్లో గంజి తాగి బతికిన కుటుంబాలు బండి ఆత్మకూరు దాకా ఉన్నాయి. ఇక మా తాత ముందు తాసిల్దారు కూడా, కూర్చోమన్నదాకా కూర్చునేవాడు కాదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. పోయిన నెల నంద్యాల పెట్రోలు బంకులో ఒక కుర్రవాడు తన కొత్త బండి తలుపు తెరిచి చూపిస్తూ, "మంచం, పొయ్యి అన్నీ లోపలే సార్, ఇట్లాంటిది మీ సైడు చూసిండరు" అన్నప్పుడు నాకెందుకు చిరాకు కలిగిందో తెలియాలంటే ఈ మాత్రం చెప్పాలి. అతనూ భార్యా కొత్తగా పెళ్లయినవాళ్లు, యాగంటికి పోతున్నారట. "మంచిది" అని మాత్రం అన్నాను. అట్లాంటి బండిలోనే డెబ్బైల చివర్లో మేము పరదేశం పోయి వచ్చిన సంగతి పెట్రోలు బంకులో నిలబడి చెప్పేది కాదు.

పరదేశమంటే నేపాలు. నాయన తల్లిని మేము జేజి అంటాము. ఆమె మహానందీశ్వరుణ్ని, యాగంటి ఈశ్వరుణ్ని లెక్కలేనన్నిసార్లు చూసింది. కాశీ యాత్ర తాత బతికుండగానే అయింది. మిగిలింది పశుపతినాథుడు. అప్పటికే ఆమె గుండె నీరసించింది, డాక్టరు ఆశ పెట్టలేదు. "ఒక్క పశుపతిని సూపిచ్చురా, ఇంగేమీ అడగను" అని నాయన వెంట పడింది. తల్లి కోరిక తీర్చకుండా ఆమెను సాగనంపితే తాను కొడుకే కాదని నాయన అనుకున్నాడు.

రైల్లో పోవచ్చు గదా అని అందరూ అడిగారు. పోలేము. మా ఇంట్లో ఒక కట్టు ఉంది, ముత్తాత పెట్టింది. కుందూ ఒడ్డున మా మడిలో పండిన బియ్యమే వండాలి, కొన్న మెతుకు ముట్టరాదు, గంజి పోసిన చేయి ఎవరి ముందూ చాచరాదు. చుట్టాల పెండ్లికి పోయినా ముందురోజే మా బియ్యం మూట వాళ్లింటికి చేరేది. పెండ్లివారు లోపల ఎంత గొణుక్కున్నా మా విస్తళ్లలోకి మా అన్నమే వచ్చేది. కాబట్టి వంటిల్లు కూడా మా వెంట రావాలి. నాయన ఎక్కడో వాడి పక్కన పెట్టిన పాత అంబులెన్సును కొని తెచ్చాడు. వడ్రంగి అందులో మంచాలు బిగించి, కిరసనాయిలు స్టవ్వుకు అర చేసి, బియ్యం మూటకు ఒక మూల చోటు వదిలాడు. పక్కనున్న ఎర్ర సిలువ గుర్తు మీద తెల్ల రంగు వేయించాము. నాలుగు ఎండలు తగిలేసరికి ఆ గుర్తు గులాబీ రంగులో మళ్లీ తేలింది. బయలుదేరే రోజు వీధంతా చేరింది.

"పెద్దమ్మకు బాగలేదా అప్పా?" అని ఎదురింటి ఆయన అడిగాడు.

"యాత్రకు పోతాండాం" అన్నాడు నాయన.

"యాత్రకు అంబులెన్సులోనా? మంచిదేలే అప్పా, వచ్చేటప్పుడు పనికొస్తాది."

జేజి లోపలినుంచి, "నాకు పనికిరాకుంటే నీకు పంపిస్తాలేరా" అంది.

బండి తోలింది నేను. నంద్యాల కాలేజీలో డిగ్రీ తప్పి ఇంట్లో ఉన్న రోజులవి. పోయేదారి బాగుండిందని ఒప్పుకోవాలి. పొద్దున్నే ఏదో ఊరి చింతతోపులో ఆపితే అమ్మ స్టవ్వు అంటించేది. పప్పులో చింతపండు పులుసు పడిన వాసనకు, భాష తెలియని పిల్లలు కూడా దగ్గరికి వచ్చి నిలబడేవారు. నాయన ఇంటినుంచి తెచ్చిన పడక కుర్చీని బండి పైనుంచి దింపించుకుని, మా అరుగు మీద కూర్చున్నట్టే పరాయి రోడ్డు పక్కన కాళ్లు చాపి కూర్చునేవాడు. దారిన పోయేవాళ్లు ఎందుకో ఆయనకు నమస్కారం పెట్టేవారు. ఆయన తల ఊపేవాడు.

సరిహద్దు దాటాక ఆ సిలువ గుర్తు మమ్మల్ని పట్టించింది. ఒక ఊరి దగ్గర జనం చేతులడ్డం పెట్టి బండి ఆపి, జ్వరంతో మూలుగుతున్న ఒక ముసలాయనను తెచ్చి నేరుగా జేజి మంచం మీద పడుకోబెట్టారు. "ఇది ఆసుపత్రి బండి గాదు" అని నాయన తెలుగులో గద్దించాడు. "వాళ్లకు నీ తెలుగేం తెలుస్తాదిరా, ఊరుకో" అని జేజి జరిగి చోటిచ్చింది. పక్క టౌను దాకా ఆయనకు విసనకర్రతో విసురుతూనే ఉంది. దింపేటప్పుడు ఆయన కొడుకు జేజి కాళ్లకు మొక్కాడు. మా నాయన ముఖంలో నవ్వు చూసింది ఆ యాత్రలో అదే ఆఖరు.

కొండదారి మలుపుల్లో కిరసనాయిలు డబ్బా బోర్లపడి బియ్యం మూట మీద ఒలికింది. వాసన ఇంజనుదనుకున్నాము. కనుమ పైకి చేరేసరికి మంచు కురిసి ముందూ వెనకా దారి మూసుకుపోయింది. అమ్మ మూట విప్పి, బియ్యం ఎన్ని నీళ్లలో కడిగినా లాభం లేకపోయింది. స్టవ్వు అంటించడానికి చుక్క మిగల్లేదు. మేము ఇంటినుంచి తెచ్చిన బొరుగులు, వేరుశనగ బుడ్డలు నమిలాము. జేజికి పండ్లు లేవు. మరునాడు మధ్యాహ్నానికి ఆమె మాట గొణుగుడైపోయింది, పాదాలు చల్లబడ్డాయి.

దారి పక్కన ఒకటే గుడిసె ఉంది. అందులో ఒక ఆడమనిషి టీ కాచి, అన్నం వండి లారీలవాళ్లకు అమ్మేది. నేను నంద్యాలలో నేర్చిన ఉరుదూతో అడిగితే, పొయ్యి మీది కుండ చూపించి తినమని సైగ చేసింది. వచ్చి చెప్పాను.

"దుడ్లిచ్చి మెతుకు కొనేది మన ఇంటావంటా లేదు" అన్నాడు నాయన.

"కొనొద్దులే, ముసలామెకని చెప్పి ఊరికే పెట్టమందాం" అంది అమ్మ.

"అడుక్కోమంటాండావా? మనల్ని?"

అప్పుడు జేజి కండ్లు తెరిచింది. "ఒరే, ఈడికి రా. మన మడి పండి ఎన్నేండ్లాయ?"

"మొన్న కోతలకే గదమ్మా గాదె నింపింది."

"నిండింది. యాడి వడ్లతో? మడిలో చౌడు తేలి గడ్డి గూడా మొలిచేది లేదు. నా చేతి మురుగులు పాయ, నీ పెండ్లాం కమ్మలు పాయ. నంద్యాల అంగడి వడ్లు దొడ్డివాకిట్లో దిగె. నువ్వు మీసం తిప్పి పెండ్లిండ్లకు పంపిస్తాండావే మూట, అది గూడా అంగడిదేరా."

పొలానికి పోయి నిలబడటం మా ఇంటి మగవాళ్లకు అలవాటు లేదు. పండింది ఇంటికి వస్తుందని మాత్రమే మాకు తెలుసు. నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు చెవుల మీదికి లాక్కుంది గానీ, కమ్మలుండాల్సిన చోట రెండు సన్నని పుల్లలు అప్పటికే మా కంట పడ్డాయి.

"కట్టు తెంచింది నువ్వు గాదు, మేము. పాపముంటే మాది" అంది జేజి. "పోయి ఇంత మెతుకు పట్టకరా. పశుపతిని సూడకుండా నేనీడ సావను."

నాయన తలపాగా సర్దుకుని బండి దిగాడు. గుడిసె ముందు నిటారుగా నిలబడ్డాడు. అన్నం ఎట్లా అడగాలో ఆయనకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఆ ఆడమనిషి కాసేపు చూసి, అడగకుండానే కంచంలో అన్నం, పప్పు పెట్టి చేతికిచ్చింది. ఆయన కోటు జేబులోంచి చేతికి వచ్చినంత తీసి అక్కడ పెట్టి, ఆ కంచాన్ని మంచులో రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. తానే మెత్తగా పిసికి జేజికి తినిపించాడు. ఆయన ఒకరికి అన్నం కలిపి పెట్టడం నేనెన్నడూ చూడలేదు. "నువ్వూ తిను నాయనా" అని జేజి అంటే, "ఆకలి లేదమ్మా" అన్నాడు. దారి తెరుచుకుని కొండ దిగేదాకా బొరుగులే నమిలాడు.

జేజి పశుపతిని చూసింది. నేను చేతుల మీద ఎత్తి చూపించాను. చాలాసేపు చేతులు జోడించి, "మన మహానందే బాగుండాది" అంది. తిరిగొచ్చాక ఆ వానాకాలంలో, ఇంట్లో తన మంచం మీదే పోయింది.

కర్మలు అయిన మరునాడు నాయన ఒక్కడే నడిచి మడికి పోయి వచ్చాడు. చెప్పుల నిండా తెల్లటి చౌడు. కాళ్లు కడుక్కున్నాడు. అన్నేండ్లకు మడి చూడబోయిన ఆయనను చూసి నవ్వినవాళ్లు ఊళ్లో ఉన్నారు. వాళ్లకు అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఒక ఇంటి కాలం అయిపోయిన సంగతి ముందు వెనకవాకిలికి తెలుస్తుంది, అరుగు మీద కూర్చున్నవాడి దాకా రావడానికి ఏండ్లు పడుతుంది. అంబులెన్సును గడివేముల కోళ్ల వ్యాపారి కొన్నాడు. మడిని ఎవరూ అడగలేదు. గాదెను విప్పించి, టేకు చెక్కలు నంద్యాల కలప అడితికి అమ్మినాము.