బియ్యంలో రాయని పేరు

పదకొండేళ్ళుగా ఒక పేరు నా నోట్లోనే ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. దాని బరువెంతో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్నెరిగినవాళ్ళకి చెబితే నమ్మరు. వీడికి బరువేమిటి, వీడు నోరు తెరిస్తే పదిమంది నవ్వుతారు కదా అంటారు. గుడివాడలో మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు నాది. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. చదువు లేనివాడికి నోరన్నా ఉండాలని నోరు పెంచుకున్నాను. ఎవరేమన్నా క్షణంలో తిప్పికొట్టగలను. మీరెవరో నాకు తెలియదు. మిమ్మల్ని నవ్వించాల్సిన పని లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది దివిసీమ, అవనిగడ్డ దగ్గర ఊరు. నాకు ఒక్కతే అక్క. బాగా చదువుకుంది. బందరులో లెక్చరర్ల ఇంటికి కోడలుగా వెళ్ళింది. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో ఆమెకి ప్రాణం మీదికొచ్చింది. తల్లో పిల్లో ఎవరో ఒకరే అన్నారు డాక్టర్లు. అమ్మ మా ఊరి నాంచారమ్మ గుడికి వెళ్ళి, ఇద్దరూ బతికి బయటపడితే, పుట్టేది ఆడపిల్లయితే నీ పేరు పెడతామని మొక్కుకుంది. ఇద్దరూ బతికారు. ఆడపిల్లే పుట్టింది. మొక్కు సంగతి మాత్రం అమ్మ అక్కకి చెప్పలేదు. చెబితే చావు మాటా చెప్పాలి. పచ్చి బాలింతకి అలాంటివి చెప్పకూడదంది.

బారసాల మా ఇంట్లోనే చెయ్యాలి. కానీ సరిగ్గా అప్పుడే అమ్మ కాలవ రేవులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దాంతో బందరులో, బావ వాళ్ళింట్లోనే పెట్టుకున్నారు. ముందురోజు అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఒరేయ్, బియ్యంలో మూడు పేర్లు రాస్తారు. నక్షత్రం పేరు ఒకటి. వాళ్ళకి నచ్చింది ఒకటి రాసుకోమను. మూడోది మన నాంచారమ్మ పేరు. ఆ పేరుతో పిలవకపోయినా పర్లేదు, రాస్తే చాలు."

"ఆ మాటేదో అక్కకి ఫోన్ చేసి చెప్పెయ్యరాదా?"

"పుట్టింటి పేరు ఫోన్లో చెబుతారట్రా? మేనమామవి. పసుపు కుంకం పళ్ళెం పట్టుకెళ్ళి, నలుగురిలో నువ్వు చెప్పాలి. నీకున్న నోటికి ఇదీ ఒక పనేనా!"

పనే కాదు. నాలుగక్షరాలు.

ఆ పేరుని అమ్మ పలికే తీరు మీకు వినిపించలేను. చివర్న 'మ్మా' అని, అవతలి గట్టు మీద ఉన్న మనిషిని భోజనానికి పిలుస్తున్నట్టు సాగదీసేది. మా ఊళ్ళో ఇంటికొక నాంచారమ్మో నాంచారయ్యో ఉంటారు. ఎవరికీ అదొక విశేషం కాదు. గుడివాడ వచ్చాకే అది నవ్వే పేరని నాకు తెలిసింది. తెలియడమేమిటి, నేనే నవ్వించాను. కొట్టు ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి మా ఊరి వేషాలు కట్టి చూపిస్తూ ఆ పేరుని ముక్కుతో పలికేవాణ్ణి. కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. అమ్మ మొక్కుకున్న పేరే అదని అప్పుడు గుర్తు రాలేదా అంటే, అప్పటికింకా మొక్కు లేదు. గుడి ఉంది. అమ్మా ఉంది. వాళ్ళు గుర్తు రాలేదు.

బారసాల రోజు పళ్ళెంతో బావ వాళ్ళ గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి పెరట్లోంచి అక్క ఆడపడుచు గొంతు వినిపించింది. "నాంచార్! ఆ గుండిగలు ముందు తోమెయ్." చివర్న తుంచేసి, గబుక్కున. ఆవిడ మాటలో చిన్నచూపేమీ లేదు, పని తొందర అంతే. గిన్నెలు తోముతున్న మనిషి కూడా "ఆఁ, తోముతున్నానండీ" అని మామూలుగానే పలికింది. కానీ నా చేతుల్లో పళ్ళెం బరువెక్కింది. ఈ ఇంట్లో ఆ పేరు పెరట్లో ఉంటుంది. నేను దాన్ని హాల్లోకి, వెండి పళ్ళెంలో పోసిన బియ్యంలోకి తేవాలి.

బావ ఉంగరంతో రెండు పేర్లు రాశాడు. రెండోది ఆద్య. పంతులుగారు నావైపు తిరిగి, "మేనమామగారూ, మీ వైపు నుంచి పేరేమైనా చెప్పి పంపారాండీ?" అని అడిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. అక్క కూడా, ఒళ్ళో పిల్లతో.

"మా వైపు పేర్లన్నీ అయిపోయాయండీ. కొత్త స్టాకు రావాలి. ఈలోపు మీరే ఏదోటి కానిచ్చెయ్యండి."

హాలంతా ఘొల్లుమంది. పంతులుగారు కూడా నవ్వారు. అక్క గర్వంగా చూసింది, మా తమ్ముడంతే అన్నట్టు. ఆ నవ్వులు సద్దుమణిగేలోపే ఆడపడుచు ఫోన్లో చూసి ఏదో పేరు చెప్పడం, బావ రాసెయ్యడం అయిపోయాయి.

ఎందుకలా అన్నాను? సిగ్గనుకుంటాను. లేక, ఆ పేరు చెబితే నవ్వుతారేమోనన్న భయంతో వాళ్ళకంటే ముందే నేను నవ్వించేశానా? ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా అక్కడికొచ్చి ఆగిపోతాను. చెబితే ఎవరూ నవ్వి ఉండేవాళ్ళు కాదేమో కూడా. పంతులుగారు "అమ్మవారి పేరు, దివ్యంగా ఉంది" అని ఉండేవారేమో.

భోజనాలయ్యాక అమ్మ ఫోన్ చేసింది. "రాశారట్రా?" అంది.

"రాశారమ్మా. మీ అల్లుడి చేతిరాత ముత్యాలే అనుకో" అన్నాను. రాశారని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు, ముత్యాలు కూడా అతికించాను. అమ్మ ఏడ్చింది, సంతోషంతో.

ఇక అక్కణ్ణుంచి ఇద్దరి మధ్యా నేనే. అమ్మ ఫోన్ చేసి "నాంచారమ్మ పాలు తాగిందా?" అని అడిగేది. అక్క "ఆద్య పడుకుందమ్మా" అనేది. ఫోన్ పెట్టేశాక ఇద్దరూ విడివిడిగా నాతో చెప్పుకునేవాళ్ళు. బియ్యంలో రాసిన పేరు ఒక్కసారన్నా పలకదేంట్రా మీ అక్క, నామోషీయా అని అమ్మ బాధ. నేను "పట్నం వాళ్ళమ్మా, అలవాటు పడాలి" అని సర్దేవాణ్ణి. అమ్మ నా కూతుర్ని ఆ పేరుతో పిలుస్తుందేంట్రా అని అక్క అడిగితే ఏం చెప్పానో రాయడానికి చెయ్యి ఆగుతోంది. "అమ్మకి ముద్దొస్తే అందరూ నాంచారమ్మలేనే. మన గేదె దూడనీ అలాగే పిలుస్తుంది" అన్నాను. అక్క నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. నొచ్చుకుందని నాకు తెలిసింది, ఫోన్లో కూడా.

పిల్లకి అయిదేళ్ళప్పుడు అక్క మా ఊరు తీసుకొచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని "నాంచారమ్మా" అని పిలిస్తే ఆ పిల్ల ఎవర్నో అనుకుని నావైపు చూసింది. నిన్నే, పలుకు అన్నాను. ఆటనుకుంది. రెండ్రోజులు అమ్మ పిలవడం, అది "ఆయ్" అంటూ కోళ్ళని చెదరగొట్టుకుంటూ పరిగెత్తుకు రావడం. అమ్మ ఊరికూరికే పిలిచేది. పనేమీ ఉండేది కాదు. పిల్ల వస్తే బుగ్గలు పట్టుకుని, ఏం లేదులే వెళ్ళు అనేది. ఆ రెండ్రోజులూ నా అబద్ధం నిజమైపోయినట్టే ఉంది. మూడోరోజు అక్క విసుక్కుంది. "దూడ పేరుకి పలుకుతావేంటే? నీకు పేరు లేదా?"

అమ్మ అరుగు మీదే ఉంది. విన్నది. వాళ్ళు బందరు బస్సెక్కాక నన్నడిగింది.

"దూడ పేరేంట్రా?"

"ఏదో ఆటలేవే అమ్మా."

నా మొహంలోకి చూసింది. తెలిసిందా? తెలియలేదా? ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "పిల్ల బాగుందా" అనేది. పేరుతో అడగడం మానేసింది. నాంచారమ్మా అనలేదు, ఆద్యా అనలేదు.

రెండేళ్ళ క్రితం అమ్మ పోయింది. పెద్దకర్మ రోజు అక్క వంటింట్లో నా పక్కన నిలబడి, "చివరి దాకా నా కూతుర్ని దాని పేరుతో పిలవలేదురా. దానిమీద ప్రేమ లేదేంట్రా అమ్మకి?" అంది. నోరు తెరిచాను. అప్పుడన్నా చెప్పాలి. కాఫీ తాగుతావా అన్నాను.

పోయిన నెల ఆద్య సెలవలకి మా ఇంటికొచ్చింది. కొట్లో నా ఎదురుగా కూర్చుని రాగితీగ చుట్ట వేలికి తొడుక్కుంటూ అడిగింది, "మావయ్యా, అమ్మమ్మకి నా పేరు నోరు తిరిగేది కాదా?"

"అవునమ్మా" అన్నాను.

"పాపం" అంది.

మా అమ్మకి నోరు తిరక్కపోవడమా! ఆ పాపం నాకు గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు. పదకొండేళ్ళ పిల్ల తన ప్రాణానికి మొక్కుకున్న మనిషి మీద జాలి పడింది, నేను చెప్పిన మాట నమ్మి.

అక్కకి ఇప్పుడు చెబితే ఏమవుతుంది? అమ్మ దగ్గరికి వెళ్ళి తప్పైపోయిందని అనడానికి అమ్మ లేదు. ఆ బరువు నా నుంచి తన మీదికి మారుతుంది, అంతేనేమో. అలా అనుకుని రెండేళ్ళు ఊరుకున్నాను. అది అక్క మీద దయా, నా పిరికితనమా? నిజం చెప్పాలంటే పిరికితనమే. దయ అయితే ఆద్యకి అవునమ్మా అని చెప్పను. కింద నా పేరు రాయడం లేదు. అయినా బియ్యం, బందరు, దూడ చదివితే అక్క పోల్చుకుంటుంది. పోల్చుకోనీ. మీ ద్వారానైనా ఆమెకి చేరనీ. క్షమిస్తుందని రాయడం లేదు. అమ్మకి ఆద్య మీద ప్రేమ లేదని అక్క ఇంకొక్కరోజు కూడా అనుకోకూడదని రాస్తున్నాను.

ఆ రోజు బందరులో పంతులుగారు నన్ను అడిగారు. మా వైపు పేరు ఉంది. నాంచారమ్మ. అమ్మ చెప్పి పంపింది. నేను చెప్పలేదు.