కల్లంలో తిన్న దెబ్బ

మా వీఆర్వో గారు పోయారని మొన్న సత్తెనపల్లి నుంచి ఫోన్ వచ్చింది. వినగానే నా చెయ్యి నుదుటి మీదకి పోయింది. నిజానికి మచ్చ ఉన్నది ఆయన నుదుటి మీద. దాన్ని తెచ్చిపెట్టింది మాత్రం నేను.

రైతుల ఆదాయం అంచనా వేసి, పింఛనుకి ఎవరు అర్హులో రాసే పని మాది. ఆయన అధికారి, నేను కొత్తగా చేరిన సహాయకుణ్ణి. "ఒరేయ్, బండి దిగి రాయి. బండి మీద నుంచి చూస్తే అందరూ ఆసాములే" అనేవారు. ఆ ఎండలో ఎవడు దిగుతాడు? ఒకరోజు ఒక్కణ్ణే వెళ్లాను. ఒక కౌలు రైతు కల్లంలో నాలుగు మిర్చి రాశులు కనిపించాయి. నాలుగూ అతనివేనని రాసేశాను. సార్ నన్ను నమ్మి సంతకం పెట్టారు. ఆ ఇంట్లో మంచాన పడ్డ ముసలి తల్లికి పింఛను ఆగిపోయింది.

తర్వాత మేమిద్దరం ఆ ఊరు వెళ్తే, ఆ రైతు కాయలు తిరగేసే కర్రతో ఎదురొచ్చాడు. "మా అమ్మ పింఛను కోసింది నువ్వేగదరా" అంటూ సార్ నుదుటి మీద కొట్టాడు. ఆయన కాయల మీద పడ్డారు. చీలిన నుదుటికి మిర్చి ఘాటు తగిలి ఆయన పెట్టిన కేక నాకింకా వినిపిస్తుంది. జనం రైతుని కింద పడేసి తన్నారు. నేనూ తన్నాను, డొక్కలో, రెండుసార్లు. బండి దిగని కాలే ముందు లేచింది.

రక్తం కళ్లలోకి కారుతుండగా సార్ పాక్కుంటూ వచ్చి అతని మీద అడ్డంగా పడ్డారు.

"ఆగండర్రా. ముందు అడగనీయండి. ఏమయ్యా, ఈ రాశుల్లో నీవెన్ని?"

"ఒక్కటేనండి" అన్నాడతను నెత్తురు ఉమ్మేసి. "మిగతా మూడూ పక్క చేలవాళ్లవి. వాళ్లకి కల్లాల్లేక ఇక్కడ ఎండబోసుకున్నారు."

మిరప చేల మధ్య పుట్టిన నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. బండి దిగలేదు, అంతే.

సార్ పోలీసు కేసు పెట్టలేదు. "రాసింది నేనే" అని పైవాళ్లతో చెప్పి తిట్లు తిన్నారు. తలకట్టుతోనే ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ తల్లి పింఛను తిరిగి ఇప్పించారు. నాతో మాత్రం, "దెబ్బ మానుతుందిలే. నువ్వు బండి దిగడం నేర్చుకో" అన్నారు.

చివరిచూపుకి వెళ్లేసరికి ఆ రైతు నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. సార్ నుదుటి మీద పెట్టిన రూపాయి బిళ్లను వేలితో పక్కకి జరిపి మచ్చ చూశాడు.

"నేను కొట్టిందే" అన్నాడు.

"ఆ రోజు తప్పు రాసింది నేను" అన్నాను, ఇన్నేళ్లకి.

అతని పిడికిలి బిగుసుకుంది. నేను తల వంచి నిలబడ్డాను. అతను ఆ పిడికిలి విప్పి, బిళ్లను మళ్లీ మచ్చ మీదకి జరిపాడు.