పిస్టల్‌కి పొలమారిన దసరా

ఆ రోజుల్లో మనిషికి ఏ కష్టమొచ్చినా దాని మందు ఏదో ఒక పుస్తకంలో అచ్చయి ఉంటుందనీ, ఆ పుస్తకం ఏదో ఒక లైబ్రరీ అడుగు అరలో దుమ్ము కొట్టుకుని నాకోసమే ఎదురుచూస్తూ ఉంటుందనీ గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడా నమ్మకం సగానికి పైగా అరిగిపోయింది. ఇప్పుడు కష్టమొస్తే కాసేపు పడుకుంటాను. లేచేసరికి కష్టం ఎక్కడిదక్కడే ఉంటుంది గాని, దాన్ని చూడ్డానికి నాక్కాస్త ఓపిక వస్తుంది. ఈ తెలివి ముందే ఉండి ఉంటే మా అక్క ఒక ఏడాది పాటు అనవసరంగా టాటీబంధ్ చౌరస్తా దుమ్ము మింగి ఉండేది కాదేమో.

రాయ్‌పూర్ కొత్తగా రాజధాని అయి, ఊరంతా తవ్వి పోసిన రోజులవి. మేము డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ చాలా కుటుంబాల్లాగే మాదీ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కోపమొస్తే రెండూ. నేను పన్నెండో తరగతి ఎలాగో గట్టెక్కి, కాలేజీకి వెళ్తున్నానన్న పేరుతో కాలనీలోని లైబ్రరీకి వెళ్తుండేవాణ్ణి. అక్కేమో ఎన్‌సీసీలో చేరి, తుపాకీ పట్టి, అక్కడ అందరికంటే బాగా కాల్చి, టాటీబంధ్ అవతల ఉన్న షూటింగ్ క్లబ్బు దాకా వెళ్ళింది. ఆ క్లబ్బులో పాయింట్ టూ టూ పిస్టల్ ఒకటి ఉండేది. ఎంతమంది చేతులు మారిందో గాని పిడి మీద గీతలు అరిగిపోయి అద్దంలా ఉండేది. క్లబ్బు నడిపే పెద్దాయన సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చారు. అందుకని అందరికీ సుబేదార్ సాబ్. నన్ను మాత్రం ఆయన మొదటిరోజు నుంచీ 'పండిట్‌జీ' అనేవారు (అది గౌరవమని కొన్ని నెలలు అనుకున్నాను).

అక్కకి కావలసింది ఒక్కటే. ఆ ఏడు దీపావళి తరవాత జరిగే ఎంపిక పోటీలో నెగ్గి రాష్ట్ర జట్టులోకి వెళ్ళాలి. ఆ కాగితం చేతిలో ఉంటే రైల్వేలో క్రీడాకారుల కోటా కింద ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే గుఢియారీలో నాన్న స్నేహితుడి బట్టల దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చోవాలి. నాన్న కటువుగా ఏమీ అనలేదు. "ఈ ఒక్క ఏడూ చూడమ్మా. ఆ తరవాత తుపాకీ తుపాకీయే, బతుకు బతుకే" అన్నారంతే. మా నాన్న అంత మెల్లగా మాట్లాడితే దానికి అప్పీలు ఉండదని మాకు తెలుసు.

సరిగ్గా దసరా వెళ్ళాక పిస్టల్‌కి పొలమారడం మొదలైంది. పొలమారడమనే మాట నాదే. ఆ పిస్టల్‌లో తూటాల్ని పేర్చే సన్నటి ఇనప డబ్బా ఒకటి ఉంటుంది, మ్యాగజైన్ అంటారు. ఒక తూటా పేలగానే ఆ డబ్బాలోని స్ప్రింగు రెండోదాన్ని పైకి తోస్తుంది, పిస్టల్ దాన్ని నోట్లోకి లాక్కుంటుంది. అలా లాక్కోవలసిన తూటా సగం దారిలో అడ్డంగా ఆగిపోయేది. ఒకరోజు అసలు ఆగదు. మరోరోజు మూడో తూటా దగ్గరే గొంతు పట్టేస్తుంది. అక్క పిస్టల్ దించి, నావైపు తిరిగి, "ఒరే లైబ్రరీ, ఏటైనాదిరా దీనికి?" అంది. ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా నేను సైకిలెక్కాను.

మా లైబ్రరీలో ఎవరో రిటైరైన ఆఫీసరు ఇచ్చిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, పోటీ పిస్టళ్ళ గురించి. అట్ట ఊడిపోయింది, మధ్యలో చెదలు తిన్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని దాన్ని నమిలి మింగాను. తూటా ఎక్కకపోవడానికి కారణాలు అందులో అధ్యాయం పొడుగునా ఉన్నాయి. స్ప్రింగు సత్తువ తగ్గడం, మ్యాగజైన్ పైఅంచు పెదాలు వంగడం, నూనె ఎక్కువవడం, నూనె తక్కువవడం, తూటా రకం పడకపోవడం, కాల్చేవాళ్ళ మణికట్టు బలంగా లేకపోవడం. నేను వరసగా ఒక్కొక్క వ్యాధికీ వైద్యం మొదలుపెట్టాను. నూనె తుడిచాను, మళ్ళీ పూశాను. వేరే పెట్టెలోని తూటాలు ఇమ్మని సుబేదార్ సాబ్‌ని బతిమాలాను. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో గొడవైంది. రోజూ సాయంత్రం అక్క ఇస్త్రీ పెట్టెను చేయి చాచి పట్టుకుని నిలబడాలి, నేను పుస్తకం పైకి చదువుతుండాలి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏటే అలగ నిలబడిపోనావు, గోడకి మేకు కొట్టినట్టు? ఇస్త్రీకి బట్టలేవీ?" అంది. "బట్టలు కాదమ్మా, మణికట్టు" అన్నాను. "నీ మణికట్టుకి పని లేదు గాని, దాని మణికట్టు విరగ్గొట్టీకు" అని అమ్మ ఆ పెట్టె లాక్కుని పోయింది.

అదే పుస్తకంలో రెండో సగమంతా కాల్చిన తూటా గొట్టాల్ని మళ్ళీ నింపుకోవడం గురించి. ఆ భాగం నన్ను మత్తులో ముంచేసింది. మన పిస్టల్‌కి మన చేత్తో తూటా తయారుచేసి పెడితే, అమ్మచేతి ముద్ద మింగినట్టు అది మారుమాట్లాడకుండా మింగుతుందని నా సిద్ధాంతం. క్లబ్బు నేల మీద రాలిన ఇత్తడి గొట్టాలన్నీ ఏరి పాత నెయ్యి డబ్బాలో పోగేశాను. డబ్బా నిండాక గర్వంగా తీసుకెళ్ళి సుబేదార్ సాబ్ బల్ల మీద పెట్టి నా పథకం చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "పండిట్‌జీ, జైల్ జానా హై క్యా?" అని అడిగారు. లైసెన్సు లేకుండా ఆ పని ఆలోచించడమే నేరమని చట్టం ఆయన ఓపిగ్గా వివరిస్తుంటే, ఈయన పుస్తకం చదవలేదు పాపం అనుకున్నాను. ఇంటికొచ్చాక, ముందుమాటే కదా అని నేను తిప్పేసిన మొదటి పేజీలు ఎందుకో తీసి చూశాను. అందులో రెండో పేరాలోనే ఉంది, పాయింట్ టూ టూ తూటాలకి నిప్పురవ్వ మందు గొట్టం అంచులోనే ఉంటుంది కాబట్టి ఒకసారి కాల్చినవి ఎవరూ మళ్ళీ నింపుకోలేరని. ఆ నెయ్యి డబ్బాని పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశాను. వాడు కూడా నావైపు అదోలా చూశాడు.

ఇంత వైద్యం చేశాను గాని ఒక్కటి చేయలేదు. మ్యాగజైన్ అడుగు బిళ్ళ విప్పి లోపల చూడలేదు. దానికో కారణముంది. అంతకుముందు వేసవిలో ఒకసారి విప్పితే లోపలి స్ప్రింగు ఎగిరి బీరువా కిందకి పోయింది. బీరువా జరపడానికి పక్క క్వార్టర్‌వాళ్ళని పిలవాల్సి వచ్చింది. ఆనాటి నుంచి నాన్న దాన్ని విప్పొద్దన్నారు. పిస్టలూ తూటాలూ క్లబ్బు ఇనప బీరువాలోనే ఉండేవి. ఖాళీ మ్యాగజైన్లు మాత్రం శుభ్రం చేసుకురమ్మని అక్క చేతికి ఇచ్చేవారు. నేను పుల్లకి గుడ్డ చుట్టి పైపైన తుడిచి, తళతళలాడించి, అద్దంలా ఉంది చూడమని అందరికీ చూపించేవాణ్ణి.

ఎంపిక పోటీ రోజు ఉదయం చలిగా ఉంది. మేమిద్దరం టెంపోలో నిలబడి వెళ్ళాం. ఆవేళ పోటీ నడిపే అధికారి కూడా సుబేదార్ సాబే. ఆ రోజు మాత్రం ఆయన మమ్మల్ని ఎప్పుడూ చూడనివాడిలా ఉన్నారు. నియమం అందరికీ ముందే చదివి వినిపించారు. మధ్యలో పిస్టల్ ఆగిపోతే కాల్చేవాళ్ళు చెయ్యెత్తాలి. తప్పు పిస్టల్‌ది అయితే ఆ వరస మళ్ళీ కాల్చనిస్తారు. కాల్చేవాళ్ళ అజాగ్రత్త అయితే ఆ వరసలో మిగిలిన తూటాలకి సున్నా. నేను చూసేవాళ్ళ కోసం కట్టిన తాడు అవతల, పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడ్డాను. అక్క మొదట ఎంత బాగా కాల్చిందంటే, పక్కనున్న పిల్ల తన గురి మానేసి ఈమెను చూసింది. చివరి వరసల్లో ఒకదాంట్లో పిస్టల్‌కి పొలమారింది. అక్క చెయ్యెత్తింది.

సుబేదార్ సాబ్ వచ్చి, పిస్టల్‌లో తూటా లేకుండా చేసి, మ్యాగజైన్‌ని బయటికి లాగి చెవి దగ్గర పెట్టి ఊపారు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి అడుగు బిళ్ళ విప్పారు, స్ప్రింగుని బొటనవేలితో అణిచిపెట్టి (అలా అణిచిపెట్టాలని ఏ పేజీలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు), డబ్బాని బల్ల మీద తట్టారు. పచ్చటి బియ్యపు గింజలు రాలాయి.

అందరం వాటివైపు చూశాం. నాకంతా ఒక్కసారి అర్థమైంది. కార్ఖానాలో విశ్వకర్మ పూజ ఎంత ఘనంగా జరిగినా అమ్మ దాన్ని లెక్కలోకి తీసుకోదు. "అది వాళ్ళ పూజ. మన పనిముట్లకి దసరాకే" అంటుంది. ప్రతి దసరాకీ పీట మీద నాన్న రెంచీలు, కుట్టుమిషను కత్తెర, కత్తిపీట, నా పెన్ను వరసగా పెట్టి, గంధం కుంకుమ బొట్లు పెట్టి, పసుపు అక్షింతలు చల్లుతుంది. ఆ ఏడు పీట మీద అక్క మ్యాగజైన్లు కూడా చేరాయి. పైనున్న కుంకుమని నేనే శ్రద్ధగా తుడిచాను. డబ్బా పక్కన సన్నటి చీలిక ఉంటుంది, స్ప్రింగుని కిందికి నొక్కే మీట కదలడానికి. అక్షింతలు ఆ దారిన లోపలికి పోయి, తోచినప్పుడు స్ప్రింగుకి అడ్డం పడుతున్నాయి. తోచనప్పుడు అడుగున పడుకుంటున్నాయి.

సుబేదార్ సాబ్ ఒక గింజని వేలి మీద పెట్టుకుని తాడు దాకా నడిచి వచ్చారు. "పండిట్‌జీ, యే కితాబ్ మే హై క్యా?" అన్నారు, ఇది పుస్తకంలో ఉందా అని. లేదన్నట్టు తలూపాను. కాని అక్క ముఖం చూశాక ఊరుకోలేకపోయాను. తాడు మీదికి వంగి, ఇది బయటి వస్తువు వల్ల వచ్చిన యాంత్రిక లోపం కాబట్టి పిస్టల్ తప్పు కిందికే వస్తుందని, పుస్తకంలో ఉన్న ముక్కా లేని ముక్కా కలిపి హిందీలో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన కూడా ఒక్క క్షణం తటపటాయించారనే నా అనుమానం. దేవుడి అక్షింతల్ని అజాగ్రత్త అనడం ఆయనకీ ఇష్టం లేదు. అప్పుడు అక్క, "సర్, మ్యాగజైన్ దేఖ్‌నా మేరా కామ్ థా" అంది, చూసుకోవాల్సిన పని నాదేనని. అంతే. ఆయన తల వంచి, సున్నాలు వేయించారు. అక్క రెండో మ్యాగజైన్‌తో మిగిలిన వరసలన్నీ కాల్చింది, గురి ఎక్కడా చెదరలేదు. కొద్దిలో జట్టు తప్పిపోయింది.

తిరుగు దారిలో టాటీబంధ్ దగ్గర లారీలు అడ్డం పడి టెంపో చాలాసేపు కదల్లేదు. అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది. ఏడుస్తోందేమోనని నేను చూడలేదు. కాసేపటికి, "ఒరే, అమ్మకి చెప్పకు. చెప్తే ఇంక జన్మలో పూజ చెయ్యదు" అంది. "నాన్నకో?" అన్నాను. "నాన్నకి చెప్తాను. కౌంటర్‌లో కూర్చోవాలి గదా, ఎందుకో ఆయనకి తెలియాలి."

నాన్న డ్యూటీ నుంచి వచ్చి, అరుగు మీద కాళ్ళు చాపి, అక్క చెప్పిందంతా విన్నారు. తరవాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నారు. "మా కార్ఖానాలో ఏటవుతాదో తెలుసా? విశ్వకర్మ పూజ మర్నాడు ప్రతి ఏడూ ఏదో ఒక మిషన్ ఆగుతాది. కొబ్బరిముక్కో, బంతిపువ్వు కాడో లోపల ఉంటాది. ఇంజినీరుసాబ్ వచ్చి అంతా చూసి, పూజ ఖాతాలో రాసీండి అంటాడు. ఎవడి మీదా రాయడు" అన్నారు. లేచి కండువా దులుపుకుని, "ఇదీ అలగే. ఈ ఏడు నీ ఖాతాలోకి రాదు. వచ్చే ఏడు చూద్దాం" అని స్నానానికి వెళ్ళిపోయారు. వంటింట్లోంచి అమ్మ, "ఏటైనాదే, గెలిచీసావా?" అని అడిగింది. "కొద్దిలో పోనాదమ్మా" అంది అక్క. అమ్మ గుమ్మం దాకా వచ్చి, "ఈసారి అక్షింతలు తక్కువేసినాను. వచ్చే దసరాకి బాగా వేస్తాను" అంది.

మరుసటి దసరాకి బాగానే వేసింది. ఆ రోజు సాయంత్రం నేనూ అక్కా పెరట్లో కూర్చుని, బొటనవేలితో స్ప్రింగు అణిచి, డబ్బాలు విప్పి, తట్టి, గింజలన్నీ ఏరి పిచుకలకి వేశాం. ఆ ఏడు అక్క జట్టులోకి వెళ్ళింది, తరవాత ఉద్యోగంలోకీ వెళ్ళింది. అక్షింతల మహిమేనని అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. మేము కాదనం.

ఇప్పుడు నేను గుఢియారీలో కంప్యూటర్లు బాగుచేస్తాను. రోజంతా ఎవరెవరివో ఆగిపోయిన యంత్రాల ముందు కూర్చుని, మెడ పట్టేసి, ఇంటికొస్తాను. మొన్న దసరా మర్నాడు నా ల్యాప్‌టాప్‌లో ఒక అక్షరం పడలేదు. ఆ పాత రోజుల్లో అయితే లైబ్రరీకి సైకిల్ తొక్కేవాణ్ణి. ఇప్పుడు ఏమీ చదవలేదు, ఎవరినీ అడగలేదు. దాన్ని ఎత్తి, తలకిందులు చేసి, మెల్లగా తట్టాను. బల్ల మీద పరిచిన గుడ్డ మీద ఒక పచ్చటి గింజ రాలింది. ఫోటో తీసి అక్కకి పంపాను. ఆఫీసులో ఉందేమో, చాలాసేపటికి జవాబొచ్చింది. "కితాబ్ మే హై క్యా?" అని. చంకలో చెదలు తిన్న పుస్తకంతో తాడు అవతల నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడికి ఎంత ఓపిక ఉండేదో.