వరదలో మునిగిన కారు అమ్మకానికి ఉంది

మా పాత కార్ల యార్డు ఇబ్రహీంపట్నంలో, కొండపల్లి వెళ్లే రోడ్డు పక్కన ఉంది. ఒక రేకుల షెడ్డు, దాని ముందు కార్లు నిలుపుకొనే ఖాళీ స్థలం, అంతే. మావారికి థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు ఉద్యోగం. నేను అంతకుముందు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల కాగితాలు చూసేదాన్ని. బాగు చేయించడం దండగ అని తేల్చిన కార్ల యజమానులకు పరిహారం ఇచ్చేసి, ఆ కార్లను వేలానికి పెడతారు. వాటిలో చాలా కార్లకు ఇంకా బోలెడు ఆయుష్షుందని నాకు ఆ పనిలోనే తెలిసింది. వాటిని కొని, బాగు చేయించి అమ్మేవాళ్లు అప్పటికే ఉన్నారు. కొనేవాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లే తక్కువ. చెప్పి కూడా అమ్మగలనన్న నమ్మకంతోనే నేను ఉద్యోగం మానేశాను.

బెజవాడలో వరద వచ్చి వెళ్లాక వేలంలో ఒక చిన్న తెల్ల కారు కొన్నాను. మా మెకానిక్ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మనిషి. నాకంటే వయసులో పెద్దవాడు, అయినా నన్ను ‘అమ్మాయిగారూ’ అనే పిలుస్తాడు. సీట్లు, కార్పెట్, దాని కింది వైరింగ్ అన్నీ పీకేసి కొత్తవి వేశాడు. ఇంజన్ విప్పి మళ్లీ బిగించాడు. తలుపుల లోపలివైపు బురద గీత సీట్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు అక్కడిదాకే వచ్చాయనుకుని, పైనున్న స్టీరింగ్, డాష్‌బోర్డు విప్పలేదు. వరద నీళ్లు సీట్ల దాకా వచ్చాయని పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి అద్దానికి ఆనించాను. బురదతో ఉన్నప్పటివి, విప్పినప్పటివి, బిగించాక తీసినవి ఫొటోలన్నీ ఫోన్లో అమ్మకం ప్రకటనగా కూడా పెట్టాను.

పక్క యార్డాయన అది చదివి నవ్వాడు. “ఏంటమ్మా, పెళ్లిచూపులకి వచ్చినోళ్లకి రోగాలన్నీ ముందే చెప్తారా ఎవరన్నా?”

“పెళ్లయ్యాక తెలిస్తే మన గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు కదండీ,” అన్నాను.

మైలవరం దగ్గర మామిడి తోటలున్న రైతు దంపతులు ఆ కారు చూసి వెళ్లి, రెండోసారి వచ్చారు. ఆయనకు ధర నచ్చింది, వరద మాట నచ్చలేదు. బానెట్ ఎత్తడం, దించడం, గడ్డం నిమురుకోవడం. సరిగ్గా అప్పుడే ఒకావిడ ఆటో దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, చీర మీద ఆఫీసు గుర్తింపు కార్డు వేలాడుతోంది.

“ఆ కారు మాదండీ. బురదలో ఉన్న ఫొటోలు ఎవరినడిగి పెట్టారు? నెంబరు కూడా కనపడతా ఉంది. మా వీధిలో అందరూ నాకే పంపిస్తున్నారు.”

ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. “నెంబరు కనపడనీయడం నా పొరపాటేనండీ, ఇప్పుడే తీసేస్తాను,” అని ఆమె ఎదుటే ఫొటోలు తీసేశాను. “కానీ కారు సంగతి దాచి అమ్మడం నాకు చేతకాదు. అందుకే పెట్టాను.”

ఆమె కారు చుట్టూ తిరిగింది. అట్ట మీద రాసింది చదివి ఆగిపోయింది.

“సీట్ల దాకానా? లేదండీ. మేం మేడ మీంచి చూస్తానే ఉన్నాం. మొదటి రోజు పైకప్పు ఒక్కటే కనపడింది. తర్వాత నీళ్లు తగ్గి, సీట్ల దగ్గర చాలా రోజులు నిలబడిపోయినయ్.”

రైతు నా మొహం వంక చూశాడు. ఆయన భార్య కూడా చూసింది. గీత పడింది నీళ్లు నిలిచిన చోట, పైకి వచ్చిన చోట కాదు. ఏం చెయ్యాలో ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది. అట్ట తీసి బోర్లా పెట్టి మెకానిక్‌ని పిలిచాను. “స్టీరింగ్ విప్పండి. వీళ్లందరూ చూస్తుండగానే విప్పండి.”

ఆయన బ్యాటరీ తీగ తీసి, ఎయిర్‌బ్యాగ్ పేలకుండా కాసేపు ఆగి, స్టీరింగ్ మధ్య భాగం ఊడదీశాడు. ఎయిర్‌బ్యాగ్ వెనక ఎండిన ఒండ్రు, కాటుక పూసినంత పల్చగా ఉంది. డాష్‌బోర్డు వెనకా అదే.

“ఇది ఇవాళ అమ్మను,” అన్నాను రైతుతో. “ఎయిర్‌బ్యాగ్ కొత్తది వేయించాలి, డాష్‌బోర్డు మొత్తం దింపాలి. అయ్యాక ఫోన్ చేస్తాను. అప్పుడు వద్దనిపిస్తే మానేయండి, నేనేమీ అనుకోను.”

ఆయన తలూపాడు. ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కాస్త సడలింది. పాత యజమానురాలు మాత్రం వెళ్లబోతూ, “తయారయ్యాక నాకూ చెప్పండి. ఒక్కసారి నడుపుతాను. డ్రైవింగ్ దీంట్లోనే నేర్చుకున్నా,” అంది.

పని పూర్తయ్యాక అందరూ వచ్చారు. పాత యజమానురాలు డ్రైవరు సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. రైతు వెనక సీట్లోకి వెళ్లబోతుంటే, “మీరుండండి, నేనెక్కుతా,” అని ఆయన భార్య ముందు సీట్లో కూర్చుంది. ఇద్దరూ కొండపల్లి వైపు వెళ్లిపోయారు. మేం షెడ్డు కింద టీ తాగుతూ కూర్చున్నాం. చాలాసేపటికి తిరిగొచ్చారు. ఏదో మాటకు ఇద్దరూ పెద్దగా నవ్వుకుంటూ దిగారు. పాత యజమానురాలు తాళంచెవి నా చేతికివ్వలేదు, రైతు భార్యకిచ్చింది.

“కొందామండీ,” అంది రైతు భార్య మొగుడితో. “నేను నేర్చుకుంటా. తోటకి, ఆస్పత్రికి నేనే తిప్పుతా.”

“నువ్వా?”

“ఏం, నాకు చేతులు లేవా?”

ఆయన అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాడు. వేసవిలో ఆవిడే నడుపుకుంటూ సర్వీసింగుకి వచ్చింది, వెనక సీటు నిండా మామిడికాయలతో. రివర్స్ మాత్రం ఇంకా సరిగా రాలేదు. మా గేటు స్తంభానికి రాసుకుపోయేదే, నేను కేకేస్తే ఆపింది.