సిస్టరమ్మ ఇంట్ల లేదు

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. మా అమ్మ చిక్కడపల్లిలో ఒక చిన్న దవాఖానలో నర్సు. వారమంతా డ్యూటీలో ఉండే మనిషి, సెలవురోజైనా నాకు దక్కేది కాదు. చుట్టుపక్కల బస్తీల నుంచి కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మా వరండాలో చేరేవాళ్ళు. అమ్మ ఒక్కొక్కరి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేది, పాదం మీద బొటనవేలితో నొక్కి వాపు ఉందేమో చూసేది. "తలనొప్పి తగ్గకున్నా, కండ్లు మసకైనా, మొఖం ఉబ్బినా ఆగొద్దు. ఏ టైమైనా సరే, ఉరికి రావాలె" అని ప్రతివారం అదే పాఠం. వినీ వినీ నాకూ నోటికొచ్చేసింది.

వాళ్ళలో పాలమూరు నుంచి వచ్చిన ఒక అక్క మీద నాకు మరీ కడుపుమంట. అశోక్ నగర్‌లో కడుతున్న మేడకు ఇటుకలు మోసేది. తొలిచూలు. నాకు జడ వేయడానికి తీరిక లేని అమ్మ, ఆమె తల దువ్వుతూ కూర్చోవడం ఒకసారి చూశాను. ఆ పూట అన్నం తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు కూడా.

ఒక ఆదివారం అమ్మ పాఠం మానేసి నన్ను కోఠికి తీసుకెళ్తానంది. కొత్త గౌను వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మ లోపల ఏదో పాట పాడుకుంటూ చీర మార్చుకుంటోంది. అంతలో ఆ అక్క వచ్చింది, రెండు చేతులతో తల పట్టుకుని.

"సిస్టరమ్మ ఉన్నదా బిడ్డా? పొద్దుగాల నుంచి తల పలుగుతున్నది. కండ్లు సక్కగ కనిపిస్తలేవు."

"ఇంట్ల లేదు. రేపు రా" అన్నాను.

ఆమె మారుమాట లేకుండా తిరిగిపోయింది. గెలిచానన్న సంతోషం ఆమె వీధి మలుపు చేరేదాకే నిలిచింది. అక్కడ గోడ పట్టుకుని అలాగే కూలబడింది. ఆమె చెప్పినవన్నీ అమ్మ పాఠంలోవేనని అప్పుడు తట్టింది. "అమ్మా!" అని నేను పెట్టిన కేకకు అమ్మ కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నాచేత మిషన్ తెప్పించి బీపీ చూసింది, చాలా ఎక్కువగా ఉంది. వెంటనే ఆమెను రిక్షా ఎక్కించి ప్రసూతి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు. నేను ఆడిన అబద్ధం అమ్మకు చెప్పి ఏడ్చాను. కొట్టలేదు, తిట్టలేదు. "నాకెందుకు చెప్తున్నవ్? ఆమెకు చెప్పు" అని నాలుగో రోజు వెంటబెట్టుకుని వెళ్ళింది.

మంచం పక్కన తలొంచుకుని చెప్పాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నాకెరుకనే బిడ్డా. మీ అమ్మ గొంతు లోపటి నుంచి ఇనబడ్డది. ఆమెకే నన్ను చూడబుద్ధి కాలేదేమో అనుకున్న."

అమ్మ మొహం అటు తిప్పుకుంది.

అసూయ నన్ను వదిలిపోయిందని చెప్పను. ఈ వయసులోనూ మా కోడలు వాళ్ళమ్మతో గంటలకొద్దీ ఫోన్‌లో నవ్వుతుంటే నాకు లోపల చురుక్కుమంటుంది. కానీ లేనివాళ్ళు ఒకసారి కాదంటే రెండోసారి అడగరనీ, ఒక్కరన్న మాటను ఇంటిల్లిపాది మాటగా మోసుకుపోతారనీ ఆ మంచం పక్కనే తెలిసింది. ఇప్పటికీ మా గేటు దగ్గర ఎవరైనా ఏదో అడగబోయి వెనుదిరిగితే, చేతిలో పని వదిలేసి నాలుగడుగులు వాళ్ళ వెనకే వెళ్తాను. "ఏమైందమ్మా, ఎందుకొచ్చినవ్?" అని అడుగుతాను.