తుంచని అష్టదళం

మా ఎదురింటి సులోచనగారికి పూలపిచ్చి అంటే తక్కువ చెప్పినట్టే. కొవ్వూరు నుంచి ఐర్లండ్‌లోని ఈ బాలింకాలిగ్ వచ్చి ఇరవయ్యేళ్లయినా, తెల్లారేసరికి ప్లాస్టిక్ సంచీ, వంకీ పిడి గొడుగు పట్టుకుని వీధిన పడతారు. గోడ దాటి బయటికి వంగిన కొమ్మ దేవుడిదేనని ఆవిడ న్యాయం. ఒకసారి ఎవరో గార్డ్స్‌ని, అదే ఇక్కడి పోలీసుల్ని, పిలిస్తే, వచ్చినాయనకి సంచీ తెరిచి చూపించి, ఓ పువ్వు ఆయన చేతిలోనే పెట్టారు. ఆయన ఫర్వాలేదులెండి అన్నట్టు "యూ ఆర్ గ్రాండ్" అంటూ నవ్వుకుని వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది గానీ ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు.

అలాంటి మనిషి పూలు కోస్తూ కళ్లు తుడుచుకోవడం కూడా చూశాను. కూతురు శ్రావ్యకి రెండుసార్లు మూడో నెలలోనే కడుపు పోయింది. మూడోసారి నిలిచింది. అయిదో నెల దాటితే నూటెనిమిది తెల్లపూలు, కొన్నవి కాదు, తన చేత్తో కోసినవి, అమ్మవారికి ఇస్తానని సులోచనగారు మొక్కుకున్నారు. అయిదో నెల దాటింది. చుట్టుపక్కల తెల్లపూలన్నీ వానలకి కుళ్లిపోయాయి. మొక్కు తీరకపోతే బిడ్డకి ఏమవుతుందోనని ఆవిడకి తిండి సయించలేదు. శ్రావ్య ఇవన్నీ నమ్మదు, విసుక్కునేది. నిద్ర మాత్రం తనకీ లేదు.

మే నెల సెలవుకి ఇద్దరినీ నా కారులో క్లేర్ కౌంటీలోని బరెన్‌కి తీసుకెళ్లాను. కనుచూపుమేరా బూడిదరంగు రాతినేల. రాళ్లు చూడ్డానికా ఇంత దూరం అని సణుగుతూ నడుస్తున్న సులోచనగారు ఒకచోట ఆగిపోయారు. రాతి పగుళ్ల మీద చాపలా పరుచుకుని ఓ మొక్క. దాని నిండా తెల్లపూలు. ఒక్కోదానికి ఎనిమిది రేకులు, మధ్యలో పసుపు. ఆవిడ రోజూ దీపం ముందు బియ్యప్పిండితో వేసే అష్టదళ పద్మం అచ్చం అలాగే ఉంటుంది. అమ్మే చూపించిందంటూ సంచీ తీశారు.

అక్కడ జనానికి మొక్కలు చూపించే అబిగేయిల్ అనే అమ్మాయి గబగబా వచ్చింది. కోప్పడలేదు, పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. ఇది రెయిన్‌డీర్లు మేసే ఉత్తరధ్రువం దగ్గరి టండ్రాల మొక్కట. మంచుయుగం వెళ్లిపోయాక కూడా ఈ రాళ్లని పట్టుకుని ఇక్కడే ఉండిపోయిందట. బెత్తెడు పాకడానికి ఏళ్లు పడుతుంది. పువ్వు సూర్యుడి వైపే తిరుగుతూ, ఆ కాస్త వెచ్చదనంతో లోపల గింజని పండించుకుంటుంది.

కోస్తే మళ్లీ వస్తుందా అని మాత్రం అడిగారు సులోచనగారు. మొక్క బతుకుతుంది గానీ ఆ గింజ పోయినట్టేనంది అబిగేయిల్.

ఆవిడ చెయ్యి పువ్వు దగ్గరే ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇన్ని పూలున్నాయి, నూటెనిమిది పోతే ఏం కొంప మునుగుతుంది? ఈ తల్లి కంటినిండా నిద్రపోతుంది కదా! ఆ పిల్ల అటు వెళ్లగానే కోసేయండి ఆంటీ అని చెవిలో చెప్పాను.

ఆవిడ సంచీ మడిచి కోటు జేబులో పెట్టేసుకున్నారు.

"నా కూతురి కడుపున పిందె రాలకుండా చూడు తల్లీ అని మొక్కుకున్నాను నవీనా. దీని పిందెలు తుంచి ఆ తల్లికే ఇవ్వమంటావా?"

బూట్లు విప్పి, చల్లటి రాతి మీద కూర్చుని, ఒక్కో పువ్వునీ ఉంగరపు వేలితో తాకుతూ అష్టోత్తరం మొదలుపెట్టారు. కోసి ఇస్తానన్న మాట తప్పుతున్నానన్న భయం మొహంలో కనబడుతూనే ఉంది. ఏళ్ల తరబడి నోటికి వచ్చిన పేర్లు మధ్యలో తడబడి ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

అప్పటిదాకా దూరంగా నిలబడి ఉన్న శ్రావ్య, పొట్ట కింద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా తల్లి పక్కన కూర్చుంది. ఆ పేర్లలో ఒక్కటీ తనకి రాదు. వేలు ఒక పువ్వు మీద ఆనించింది.

"స్టార్ట్ అగైన్, అమ్మా. యూ సే ద నేమ్స్. ఐ విల్ డూ ద ఫ్లవర్స్."

సులోచనగారు మొదటి పేరు నుంచి మళ్లీ అందుకున్నారు.